బాబు కంటే ఎత్తైన హాలీహాక్‌లు

ఇందులో ప్రతి మాటా నిజమని ముందుగానే ప్రమాణం చేస్తున్నాను. నా సంగతి తెలిసినవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెడతారు కాబట్టి ప్రమాణం కాస్త గట్టిగానే చేస్తాను. కుడిచేత్తో రాస్తూ, ఎడమచేతి గుప్పిట్లో హాలీహాక్ గింజలు పట్టుకుని కూర్చున్నాను. విత్తనం చేతిలో ఉండగా అబద్ధమాడితే ఆ విత్తనం మొలవదని మా నాన్న నమ్మేవాడు. ఆయన కడియం నర్సరీల్లో బతికినవాడు. నేను ఆయన చెప్పినవాటిలో చాలా వదిలేశాను గానీ, దీన్ని మాత్రం ఇంతవరకూ తప్పలేదు.

కరోనా తర్వాత షూటింగులు మళ్లీ ఊపందుకున్న ఏడాది, వినాయక చవితి వెళ్లిన వారం, నన్నొక పెద్ద సినిమాకి గ్రీనరీ ఇన్‌చార్జిగా వేశారు. ఈ ఉద్యోగమొకటి ఉందని బయటివాళ్లకు తెలియదు. సెట్టులో కనిపించే ప్రతి ఆకూ, పువ్వూ, గడ్డిపరకా ఒకరి బాధ్యత. ఆ ఒకరు నేను. అందరికంటే పైన ఆర్ట్ డైరెక్టర్, ఆయన కింద ఇద్దరు అసోసియేట్లు, వాళ్ల కింద సెట్ ఇన్‌చార్జి. ఆయనకు పక్కన, కొంచెం కిందగా, నేను. నా కింద మాలీ మల్లేశం, అతని మనుషులు. నేను వ్యవసాయ కాలేజీలో హార్టికల్చర్ చదివి వచ్చాను. ఆ డిగ్రీ వల్ల ఒరిగిందేమిటంటే, మొక్క వాడిపోయినప్పుడు నన్ను తిట్టేముందు 'సార్' అనేవారు.

ఇప్పుడు మధురానగర్‌లో ఇంట్లోనే ఉంటున్నాను. సినిమావాళ్ల రిటైర్మెంటుకి వయసు ఉండదు, ఫోను మోగడం ఆగిపోతే అదే రిటైర్మెంటు. నాది యాభై మూడో ఏట ఆగింది. ఎందుకు ఆగిందో కింద రాస్తున్నాను.

ఫిల్మ్‌నగర్ వెనక నుంచి షేక్‌పేట వైపు దిగే వాలులో, బండరాళ్ల మధ్య ఒక ఖాళీ స్థలంలో పాత బంగళా సెట్టు వేస్తున్నారు. బంగళా అంటే ముఖం మాత్రమే, వెనక అంతా కర్రలూ ప్లైవుడ్డూ. దాని ముందు ఒక తోట కావాలి. హీరో, హీరోయిన్ దాగుడుమూతలాడే పాట ఆ తోటలో తియ్యాలి. ఆర్ట్ డైరెక్టర్ గారు నన్ను పిలిచి విషయం తేల్చేశారు. ఇప్పటి కెమెరాలు గుడ్డపూలను పట్టేస్తున్నాయి, కాబట్టి నిజం పూలే ఉండాలి. వెనక మనిషి నిలబడితే కనపడనంత ఎత్తుండాలి. పాట ఫిబ్రవరి ఆఖర్లో, కాబట్టి గింజ నుంచి పెంచుకునే టైముంది.

ఆ కొలతలకు సరిపోయే పువ్వు మన వాతావరణంలో హాలీహాక్. తెలియనివాళ్లకు చెప్పాలంటే ఇది బెండకీ మందారానికీ చుట్టం. ఆకు కొంచెం బెండాకులాగే ఉంటుంది, పువ్వు మందారానికి చెల్లెల్లా ఉంటుంది. కానీ పూలు కొమ్మ కొమ్మకీ పూయవు. మధ్యలోంచి ఒకే ఒక్క కాడ కర్రలా పైకి లేస్తుంది, దాని పొడుగునా కింది నుంచి పైకి మెట్లు మెట్లుగా పూస్తుంది. ఆ కాడే దాని ఆస్తి.

పెంచే పద్ధతి కష్టం కాదు గానీ తొందరపడితే చెడుతుంది. వానలు తగ్గాక గింజల్ని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, పొడుగాటి సంచుల్లో ఒక్కో గింజ చొప్పున వేశాం. పొడుగు సంచులెందుకంటే దీనికి తల్లివేరు నిటారుగా లోపలికి పోతుంది, కుండీలో మెలికపడితే మొక్క జన్మంతా ముడుచుకునే ఉంటుంది. నాలుగాకులు వచ్చాక నేలలో నాటాం. అక్కడ నేలంటే బండ. రాతి సందుల్లో ఎర్రమట్టీ పేడ ఎరువూ పోయించి మడులు కట్టించాను. చలికాలమంతా ఇది నేలకు అతుక్కుని ఆకులు పరుచుకుంటుందే తప్ప పైకి లేవదు. ప్రొడక్షన్ వాళ్లు వచ్చి చూసి, ఇదేదో ఆకుకూర అనుకుని వెళ్లేవారు. జనవరి మొదట్లో కాడ లేస్తుంది. అప్పుడు కర్ర పాతి కట్టాలి, లేకపోతే గాలికి పడిపోతుంది.

ఆ పాటకు డ్యాన్స్ మాస్టర్ రజిత. పుట్టింది పెరిగింది షేక్‌పేటలోనే. చాలా ఏళ్లు పెద్ద మాస్టర్ల దగ్గర అసిస్టెంటుగా చేసింది. అసిస్టెంటు పని ఏమిటంటే, మాస్టర్ కూర్చుని చూస్తుంటే వెనక వరసలో నిలబడి వన్ టూ త్రీ ఫోర్ అని అరవడం. సొంతంగా ఆమెకు ఇదే మొదటి పాట. ఇది తెర మీదికి వస్తే ఆమె పేరు టైటిల్స్‌లో మాస్టర్ అని పడుతుంది, రాకపోతే మళ్లీ వెనక వరస. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. యూనిట్‌లో అందరికీ తెలుసు.

ఆమె డ్యాన్స్ మొత్తాన్ని నా మొక్కల మీద కట్టింది. రిహార్సల్ హాల్లో మొక్కల బదులు వెదురుకర్రలు నిలబెట్టింది. డ్యాన్సర్లు కనపడరు, ముందు పూల మధ్యలోంచి ఒక చెయ్యి వస్తుంది, తర్వాత ఇంకోచోట ఒక ముఖం. హీరో వెతుక్కుంటూ ఉంటాడు, ఆయన కదిలినప్పుడల్లా తోట ఆయన వెనక మారిపోతూ ఉంటుంది. నేను చూసిన వందల పాటల్లో అలాంటిది లేదు. కొలతల కోసం నన్ను హాలుకు పిలిపించింది.

"అన్నా, నిజం జెప్పు. గీ కర్రలంత ఎత్తు వస్తయా రావా? మొత్తం దీని మీదనే వెట్టిన."

"వస్తాయమ్మా. మా ఊళ్లో ఓ ఏడాది హాలీహాక్ ఎంత పెరిగిందనుకున్నావు, కరెంటు లైన్‌మన్ నిచ్చెన మర్చిపోయి వచ్చి దాన్నే ఎక్కి ఫ్యూజు వేసి దిగాడు."

"షాక్ గొట్టలేదా?"

"మొక్కకి కొట్టింది. అప్పట్నుంచీ అది ఎర్రపూలు పూస్తోంది."

"నువ్వు గిట్లనే జెప్తవ్, నేను గిట్లనే నమ్ముత," అని నవ్వి కర్రలు ఇంకో జానెడు పైకి లేపించింది.

జనవరి ఆఖరుకి కాడలు నా భుజం దాటాయి. మొగ్గలు పట్టాయి. అప్పుడు హీరో గారి మేనేజర్ చంటిగారు సెట్టు చూడటానికి వచ్చారు. హీరోని మా పరిశ్రమలో 'బాబు' అంటారు. యాభై ఏళ్లొచ్చినా, తాతయినా బాబే. ఈ బాబు మంచి నటుడు, మనిషి మాత్రం పొట్టి. చంటిగారు ఒక మొక్క పక్కన నిలబడి, అరచెయ్యి తన తలమీద పెట్టి, అక్కణ్నుంచి మొక్కదాకా గాల్లో గీత గీసుకున్నారు.

"ఇంకా పెరుగుతాయా అండీ ఇవి?"

"ఇంకో రెండడుగులు లేస్తాయండీ," అన్నాను. గర్వంగానే అన్నాను.

ఆయన కాసేపు ఆగి, "బాబు దీని పక్కన నిలబడాలి కదండీ," అన్నారు. "నేనేం చెప్పటం లేదండోయ్. మీరు సీనియర్లు, మీకు తెలియందేముంది." వెళ్లి కారెక్కారు.

మా వృత్తిలో దీన్నే ఆర్డరంటారు. ఇది అర్థం కావాలంటే ఒక వాడుక తెలియాలి. పొట్టి హీరో ఉన్న సెట్టులో తలుపులు మామూలు తలుపులకంటే కొంచెం కురచగా చేస్తారు. కుర్చీలు, బీరువాలు కూడా అంతే. డ్యూయెట్‌లో హీరోకి కాళ్లకింద పీట వేస్తారు, ఆ పీట ఫ్రేములో పడకుండా ముందు నా కుండీలు పెట్టిస్తారు. ఇవన్నీ జరుగుతాయి, కానీ ఎవరూ ఎవరికీ చెప్పరు. వడ్రంగికి కొలత ఇచ్చేటప్పుడు కూడా "ఈ సినిమాకి" అంటారు, అంతే. నేను అన్నేళ్లూ ఆ బాబు సినిమాలకి పొట్టి మొక్కలే ఎంచి పెట్టాను. ఫలానా మొక్క వద్దని నాతో ఎవరూ అనలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

సెట్టులో ఏ మార్పు చేయాలన్నా పద్ధతి ఉంది. నేను అసోసియేటుకి చెప్పాలి, ఆయన ఆర్ట్ డైరెక్టర్‌కి, ఆయన డైరెక్టర్‌కి. డ్యాన్సుతో ముడిపడిందైతే మాస్టర్‌కి కూడా తెలియాలి. ఈ వరస నాకు నిద్రలో కూడా తెలుసు. కానీ ఆ వరసలో ఎవరిని కదిపినా ముందు నా నోటితో "బాబు పొట్టి కదండీ" అనాలి. ఆ మాట యూనిట్‌లో అంతవరకూ ఎవరూ పైకి అనలేదు. మొదట అన్నవాణ్ని నేను అవ్వదలుచుకోలేదు. మర్నాడు పొద్దున్నే కత్తెర తెచ్చుకున్నాను.

కాడల తలలు నడుమెత్తున కోసుకుంటూ వెళ్లాను. మల్లేశం నీళ్ల పైపు పట్టుకుని చూస్తూ, "గివిటికి గూడ బాబు కటింగేనా సార్?" అన్నాడు. అతని మనుషులు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. తప్పు చేస్తున్నప్పుడు జోకు భలే ఆసరా.

కోస్తే ఏమవుతుందో నాకు తెలియక కాదు. చామంతి చివర తుంచితే పక్కకి గుబురేసి గుత్తులుగా పూస్తుంది, అది వేరు. హాలీహాక్ కాడ తల పోతే అడుగునుంచి నాలుగు పిలకలు లేస్తాయి, అవి పొట్టిగా ఉంటాయి, పూతకు వచ్చేసరికి చాలా వారాలు పడుతుంది. షూటింగుకి అన్ని వారాల్లేవు. అయినా ఎండలు ముందొస్తే తొందరగా పూస్తాయేమోనని నాకు నేనే ఒక కథ చెప్పుకున్నాను. లైన్‌మన్ కథకి ఇది తమ్ముడు.

ఆ వారంలోనే రజిత అసిస్టెంట్లతో కొలతలకి వచ్చింది. మొక్కల మధ్య ఇటు నుంచి అటు ఒకసారి నడిచింది.

"ఎత్తు తగ్గినయేందన్నా?"

"తలలు తుంచామమ్మా. గుత్తులు గుత్తులుగా పూస్తాయి."

"శామంతి లెక్కనా?"

"అచ్చం చామంతి లాగే."

"గట్లయితే నిలవడి దాసుకునుడు కుదరది. కూసోని దాసుకునేటట్టు మారుస్త," అంది. నన్ను ఒక్క మాట అనలేదు. హాలుకి వెళ్లి వెదురుకర్రలు సగానికి కోయించి, అంతవరకూ కట్టిన డ్యాన్సంతా విప్పి మళ్లీ కట్టింది. మోకాళ్ల మీద కూర్చుని లేవడమంటే డ్యాన్సర్లకు నడుము విరుగుతుంది. మోకాళ్లకి గుడ్డలు చుట్టుకుని చేస్తున్నారని ఎవరో చెప్పారు. ఆ హాలు వైపు నేను మళ్లీ వెళ్లలేదు.

షూటింగు రోజు పొద్దున మొక్కలు నడుమెత్తు పచ్చగా ఉన్నాయి. ఒక్క పువ్వు లేదు. కొన్నిట్లో వేలి కొనంత మొగ్గలున్నాయి. మల్లేశం నా పక్కకొచ్చి మెల్లగా, "బెండకాయ తోట లెక్కనే ఉన్నది సార్, కోతకి మనుషుల్ని పిలవమంటరా?" అన్నాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు. డైరెక్టర్ కెమెరా వెనక నుంచి తలెత్తి తోటకేసి చూసి, ఆర్ట్ డైరెక్టర్ కేసి చూశారు. ఆర్ట్ డైరెక్టర్ అసోసియేట్ కేసి, అసోసియేట్ నాకేసి చూశాడు. చూపులు మాత్రం ఆ పూట సరిగ్గా పద్ధతి ప్రకారమే వరసలో దిగాయి.

ఇంతలో బాబు క్యారవాన్ దిగి వచ్చారు. మొక్కల మధ్యకు నడిచి చుట్టూ తిరిగి చూశారు.

"పూలెక్కడండీ?"

అసిస్టెంటు అందించిన టీ తీసుకున్నారు.

"మాస్టర్ మొదట పంపిన వీడియోలో కర్రలు నా తలకంటే ఎత్తున్నాయి కదా. అది చూసే నాకీ పాట బాగా నచ్చింది. ఇన్ని సినిమాలు చేశాను, ఏ సెట్లోనూ నాకంటే ఎత్తైంది ఒక్కటి పెట్టలేదు మీరు. తలుపులు కూడా పొట్టివే. మా అబ్బాయి అడుగుతాడు, నాన్నా, నీ సినిమాలో ఇళ్లన్నీ ఎందుకలా ఉంటాయని."

ఆయన కోపంగా అనలేదు. మామూలుగా, కబుర్లు చెప్పినట్టే అన్నారు. ఇన్నేళ్లూ మేమంతా దాచిపెట్టినదాన్ని ఆయన టీ తాగుతూ చెప్పేశారు.

చంటిగారు ఫోనులోంచి తలెత్తి, "అయ్యో, ఎవరు కొయ్యమన్నారండీ మిమ్మల్ని?" అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. నిజంగానే ఎవరూ కొయ్యమనలేదు.

నేనప్పుడు నోరు మూసుకున్నా బాగుండేది. "తెగులండీ. ఆకుల అడుగున తుప్పు తెగులు పట్టింది, అందుకని కొట్టేయాల్సొచ్చింది," అన్నాను. తుప్పు తెగులు హాలీహాక్‌కి వస్తుంది, ఆకు కింద నారింజ రంగు పొక్కులు లేస్తాయి. బాబు వెంటనే వంగి ఒక ఆకు తిప్పి చూశారు. ఇంకోటి చూశారు. నేను చలికాలమంతా మందు కొట్టించి కాపాడుకున్న ఆకులు, మచ్చంటూ లేదు. "ఎక్కడండీ?" అని నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. నా సర్వీసులో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. వాటిలో ఏదీ ఈ ఒక్క ప్రశ్నంత గుచ్చుకోలేదు.

రజిత డైరెక్టర్ దగ్గరికి వెళ్లింది. "సార్, గుడ్డపూలు దెప్పిద్దాం. లేకుంటే పూలు లేకున్నా జేస్త. జర నాకు మధ్యాహ్నం దాంక టైమియ్యుండ్రి సార్." డైరెక్టర్ మంచివాడే, కానీ బాబు డేట్లు ఆ రోజుతో అయిపోతాయి. ఆయన, "వద్దమ్మా, మాంటేజ్ చేసేద్దాం," అన్నారు. మాంటేజ్ అంటే వెనక పాట వస్తుంటే ముందు చిన్నచిన్న సంఘటనలు చూపించడం. హీరో నడుస్తాడు, హీరోయిన్ జడేసుకుంటుంది, కాఫీ తాగుతారు. అందులో డ్యాన్స్ ఉండదు. డ్యాన్స్ లేకపోతే మాస్టర్ ఉండదు.

డ్యాన్సర్లు మేకప్‌తోనే బండరాళ్ల మీద కూర్చున్నారు, కొందరి మోకాళ్లకి ఇంకా గుడ్డలున్నాయి. రజిత వాళ్లకి భోజనాలు పెట్టించమని ప్రొడక్షన్ వాళ్లకి చెప్పి, నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టాలనే కోరుకున్నాను.

"శామంతి అన్నవ్ గదన్నా," అంది.

అంతే అంది. వెళ్లి డ్యాన్సర్ల పక్కన బండ మీద కూర్చుంది.

సినిమా విడుదలైంది, పాట బాగానే ఆడింది. మాంటేజ్‌లో ఏదో పోయిందని ప్రేక్షకులెవరికీ తెలియదు. టైటిల్స్‌లో ఆమె పేరు లేదు. ఆర్ట్ డైరెక్టర్ గారు నన్ను కేకలేసి ఊరుకున్నారు గానీ, తర్వాతి సెట్టుకి పిలవలేదు. ఆ తర్వాతి దానికి ప్లాస్టిక్ మొక్కలు తెప్పించారని విన్నాను. ఫోను మెల్లమెల్లగా ఆగిపోయింది.

సెట్టు పీకేయడానికి ఆలస్యమైంది. ఉగాది దాటాక ఒక పొద్దున మల్లేశం కబురు పెడితే వెళ్లి చూశాను. బంగళా ముఖం సగం ఊడిపోయి ఉంది, దాని ముందు హాలీహాక్‌లు పిలక పిలకకీ పూసి ఉన్నాయి. ఎరుపు, గులాబీ, తెలుపు, నల్లనిపించేంత ముదురు రంగు. నడుమెత్తులోనే, కానీ ఆకు కనపడనన్ని పూలు. రజితకి ఫోన్ చేశాను. దగ్గరే కాబట్టి స్కూటీ మీద వచ్చింది. గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. "మంచిగనే పూసినయ్ అన్నా, జర లేటయింది," అని నవ్వింది. "మీ లైన్‌మన్ యాడికి వోయిండు?" అని కూడా అంది. తర్వాత చెప్పులు విడిచి, మొక్కల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, పూలలోంచి ముందు ఒక చెయ్యి, తర్వాత ఇంకోచోట ముఖం బయటికి తెచ్చింది. ఆ పాటను అలా మల్లేశమూ నేనూ మాత్రమే చూశాం.

ఈ ఉదంతం వల్ల నేర్చుకున్నవి రెండు. ఒకటి, హాలీహాక్ కాడను కోయకూడదు, ఎత్తు వద్దనుకుంటే మొదటే పొట్టి రకం గింజ వెయ్యాలి. రెండోది, ఒక మనిషికి ఏది నచ్చదో తెలుసుకోవాలంటే ఆ మనిషినే అడగాలి, పక్కవాళ్ల మౌనాన్ని కాదు. అలా అడగడానికి ఒక్క నిమిషం పట్టేది, మహా అయితే ఒక తిట్టు పడేది.

ఇక ప్రమాణం సంగతి. పొట్టి తలుపులు నిజం. బాబు ఆకు తిప్పి చూడటం నిజం, దాన్నే చాలామంది నమ్మరు. లైన్‌మన్ కథ నేను ఆమెకి చెప్పడం నిజం. పిలకలు పూయడమూ నిజమే, ఫోన్ చేయడమూ నిజమే. రజిత ఫోన్ ఎత్తలేదు. రాలేదు, నవ్వలేదు, నా తప్పుని జోకుతో తేలిక చెయ్యలేదు. ఈ మధ్య పెళ్లిళ్ల సంగీత్‌లకి డ్యాన్స్ నేర్పుతోందని తెలిసింది. ఆ పూలు చూసింది మల్లేశమూ నేనూ మాత్రమే, చూసి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం.

"రజితకి ఫోన్ చేశాను" అన్న వాక్యం తర్వాత గుప్పిట విప్పి గింజల్ని బల్లమీద పెట్టాను. నేర్చుకున్నవి రాసేటప్పుడు మళ్లీ తీసుకున్నాను.